వీధిలోకి జరిపిన పీట

నా చిన్నప్పుడు మా కోనసీమ ఊళ్లో మగవాడు కూతురికి జడ వేయడమంటే పరువు తక్కువ పని. ఎవరు పెట్టిన రూలో నాకిప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మకు కీళ్లవాతం వచ్చి చేతులు పైకి లేవకుండా పోయాయి. నన్ను బడి మానిపించి వంటింట్లో పెట్టమని నాయనమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది. మా నాన్న పగలంతా కొబ్బరికాయలు వలిచి, సాయంత్రం పీచుతో తాళ్లు పేనే మనిషి. ఆయన నాయనమ్మతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు పెందలాడే లేచి అన్నం వార్చి, దువ్వెన పట్టుకుని నన్ను పీట మీద కూర్చోబెట్టాడు.

ఆయనకు వచ్చింది తాడు పేనడమే. నా జుట్టును కూడా రెండు పాయలు చేసి గట్టిగా మెలితిప్పి పేనేశాడు. దాంతో ఆవును కట్టేయొచ్చని బడిలో పిల్లలు పట్టుకు లాగి ఏడిపించారు. ఇంటికొచ్చి బడీ వద్దు ఏమీ వద్దని ఏడ్చాను. అప్పుడు నాయనమ్మ ముఖం చూడాలి, వెలిగిపోయింది.

నాన్న ఆ సాయంత్రమే అరుగు స్తంభానికి పీచు కట్టి, పక్కింటి అక్క దగ్గర మూడు పాయల జడ నేర్చుకున్నాడు. మర్నాడు నలుగురూ చూస్తారు, లోపలే వేయమని బతిమాలాను. ఆయన పీట తెచ్చి వీధి అరుగు మీద వేశాడు.

దారిన పోతున్న పెద్దాయన ఒకరు ఆగారు.

"ఏంటోయ్, ఆడాళ్ల పని కూడా మొదలెట్టావా?"

"మొదలెట్టానండి. మీ మనవరాల్ని కూడా పంపండి, పనిలో పనిగా వేసేస్తాను," అన్నాడు నాన్న, చేతిలో పాయ వదలకుండా.

పెద్దాయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు. నాన్న నన్ను లేపి, పీటను అరుగు దించి ఇంకాస్త వీధిలోకి జరిపాడు. ఆయన గరుకు వేళ్లకు వెంట్రుకలు చిక్కుకుని చురుక్కుమనేది. ఆ రోజు మాత్రం నేను వెళ్లి నిటారుగా కూర్చున్నాను. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నా పదో తరగతి అయ్యేదాకా ఆ పీట అక్కడే పడింది. చివరికి నాయనమ్మే రిబ్బన్లు ఉతికి అందించేది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నాకు డెబ్బై దాటాయి. నిరుడు మా ఆయన కూడా పోయారు. ఇక పూలు మానేయమన్నారు చుట్టాలు. అంతగా కావాలంటే లోపల పెట్టుకో వదినా, నలుగురూ చూస్తే బాగుండదని మా ఆడపడుచు చెవిలో చెప్పింది.

నేను పీట తెచ్చి వీధి గుమ్మం ముందు వేసుకున్నాను. నెరిసిన జుట్టును మూడు పాయలుగా అల్లి, కనకాంబరాలు తురుముకున్నాను. ఎండ పడుతున్నా పీట ఇంకాస్త ముందుకు జరిపాను, లోపలికి కాదు, వీధిలోకి.