అతుకు పైకి పెట్టిన బన్నులు

వంటింట్లో ఇంకా పులిసిన పిండి వాసన పోలేదు. నా నడుం నొప్పీ పోలేదు. మొన్న శనివారం మా ఇంటికి టీకి వచ్చినవాళ్ళు ఈపాటికి మా బుకిట్ పంజాంగ్ పేటంతా చాటేసి ఉంటారు. వాళ్ళ నోట వినేకంటే నా నోట వినండి. తప్పు ఎక్కడ జరిగిందో కనీసం నేనైతే సరిగ్గా చెబుతాను.

ముందు మా తోడల్లుడి సంగతి చెప్పాలి. పేరు సూరిబాబు. మా ఆవిడ పార్వతి చెల్లెలు సరోజ మొగుడు. ఇద్దరం మలేషియాలో ఎస్టేటుల్లో పుట్టినవాళ్ళమే. ఇద్దరం పని కోసం వంతెన దాటి ఈ దేశంలో దిగి, తువాస్‌లో ఒకే షిప్‌యార్డులో చేరాం. నేను ఎస్టేటు బడిలో రెండో తరగతితో ఆపేశాను కాబట్టి వెల్డరునయ్యాను. అతను నాలుగు ముక్కలు ఎక్కువ చదివాడు కాబట్టి ఇన్‌స్పెక్టరయ్యాడు. అంటే ఇనుముకి ఇనుము నేను అతికిస్తే, అతను వచ్చి చూసి పాస్ అనాలి.

ఒక రోజు పొద్దున్నే లారీ దిగి వెళ్ళేసరికి నా వెల్డు చుట్టూ పసుపు చాక్‌పీసుతో పెద్ద సున్నా గీసి ఉంది. అంటే పని బాగాలేదు, కోసేసి మళ్ళీ చెయ్యమని. పక్కన అతని సంతకం. వచ్చే పోయేవాళ్ళంతా చూశారు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు కూడా చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. గ్రైండర్ పెట్టి కోసి చూస్తే లోపల ఏమీ లేదు. బుడగ లేదు, పగులు లేదు. అద్దంలా ఉంది. ఆ మాటే అతనికి చెప్పాను.

"సరేలే అన్నయ్యా, అయిపోయింది కదా" అన్నాడు.

అతనికి అయిపోయింది. నాకు అవలేదు. ఇద్దరం రిటైరయ్యాం, ఇద్దరికీ మోకాళ్ళు అరిగాయి, అయినా ఆ పసుపు సున్నా నా కళ్ళముందు నుంచి చెరగలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా దాన్ని వెంటబెట్టుకొస్తానని పార్వతి సణుగుతుంది. వెంటబెట్టుకొస్తే తప్పేంటి, అది నాదే కదా.

ఈ మధ్య అతను సరోజని తీసుకుని టూరువాళ్ళతో హవాయి వెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ అదే గోల. మా బంధువుల కొత్త ఫ్లాట్ గృహప్రవేశంలో అందరం భోజనాలకి కూర్చుంటే, సాంబారు వడ్డించకముందే మొదలుపెట్టాడు.

"అక్కడ ఒక బన్ను ఉంది అన్నయ్యా. మనాపువా అంటారు. చూడ్డానికి ఆవిరి మీద ఉడికించే మన పావ్ లాగే ఉంటుంది, కానీ దానికి తాత. అరచేతిలో పట్టదు. ఒకదాంట్లో ఎర్ర మాంసం, ఒకదాంట్లో కోడి కూర, ఒకదాంట్లో చిలగడదుంప, ఒకదాంట్లో కొబ్బరి. లోపల అంత సరుకు పెట్టి మూస్తారు కదా, అతుకు ఎక్కడుందో చెప్పు చూద్దాం. కనపడదు. దానికి చెయ్యి ఉండాలి."

చెయ్యి ఉండాలి అన్నప్పుడు నా వైపు చూశాడు. చూడలేదు, పప్పు గిన్నె వైపు చూశాడు అంటుంది పార్వతి. పప్పు గిన్నె నా ఎడమ పక్క ఉంది. అతను నన్నే చూశాడు.

"శనివారం ఇద్దరూ టీకి రండి. ఆ బన్ను నేను చేసి పెడతాను" అన్నాను.

పంక్తిలో అందరూ తినడం ఆపారు. పార్వతి అయితే నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. ఇంటికొచ్చే దారిలో, ట్రైనులో, మెల్లిగా అంది.

"కింద కాఫీ షాపులో వేడివేడి పావ్ దొరుకుతుంది. నాలుగు తెచ్చి పళ్ళెంలో పెడితే ఎవరడుగుతారు?"

"అతను అడుగుతాడు."



శనివారం వచ్చింది. మా కోడలు లావణ్యది హైదరాబాదు. కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోంచే చేస్తుంది. శనివారం కూడా వాళ్ళకి ఏదో మీటింగు ఉంటుంది. ఫోనులో ఒక హవాయి ఆవిడ చేసిన వీడియో వెతికి పెట్టింది. అది ఇంగ్లీషు. నాకు వింటే అర్థం కాదు, చదవడమూ రాదు. అందుకని లావణ్య మీటింగు మధ్యలో బయటికొచ్చి ఒక్కో ముక్కా చెబుతోంది.

"మావయ్యా, ఈస్ట్ రెండు స్పూన్లు."

"చిన్న చెంచానా, పెద్ద చెంచానా?"

"ఒక్క నిమిషం మావయ్యా, నన్నే అడుగుతున్నారు" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నేను ఆలోచించాను. మామూలు పావ్ కాదు, అరచేతిలో పట్టనిది. బాగా ఉబ్బాలి. పెద్ద చెంచాతో వేశాను. కొంచెం గోపురంగానే వేశాను.

లోపలికి నాలుగు రకాలు. కోడి కూర, ఎండుమిర్చి నూరి చేసే ఎండురొయ్యల సంబల్, చిలగడదుంప ముద్ద, కొబ్బరి బెల్లం లౌజు. వండింది పార్వతే, కానీ పక్కన నిలబడి చెప్పింది నేను. కోడి కూర దగ్గర ఆవిడ మొండికేసింది.

"ఇంకాస్త ఇగరనివ్వండి. పులుసు ఉంటే పిండి నానిపోతుంది."

"పులుసు లేకపోతే అది ఆసుపత్రి తిండి."

దించేశాను. ఆవిడ గరిట నా చేతికిచ్చి వెళ్ళి సోఫాలో కూర్చుంది.

పిండి కలిపి గిన్నెలో పెట్టి మూతపెట్టాను. నడుం వాల్చి లేచేసరికి మూత ఒక పక్క, పిండి ఒక పక్క. గిన్నె అంచు దాటి కిందికి జారి, స్టవ్ దాకా వెళ్ళడానికి దారి చూసుకుంటోంది. రెండు చేతులా ఎత్తి మళ్ళీ గిన్నెలో కుక్కాను. అది మళ్ళీ లేచింది. నాకంటే ఓపిక దానికే ఎక్కువ ఉంది.

ఇక అతుకులు. ఇది నా పని. ఇనుమైనా పిండైనా సూత్రం ఒకటే. అంచు శుభ్రంగా ఉండాలి. నూనె చుక్క తగిలినా అతుకు పట్టదు. ప్రతి అంచూ తుడిచాను, తడి చేశాను, మడిచాను, నొక్కాను, మళ్ళీ మడిచాను. అన్ని మడతలూ ఒకే కొలత. మంచినీళ్ళ కోసం వచ్చిన లావణ్య ఆగి చూసింది.

"మావయ్యా, వీడియోలో ఆవిడ అతుకు కిందకి పెట్టిందండీ. పైన నున్నగా ఉండాలట."

"అతుకు కిందకి దాచుకునేవాడు పనివాడు కాదమ్మా."

"దాచడానికి కాదు మావయ్యా. బన్ను బరువు అతుకు మీద పడితే విడిపోకుండా ఉంటుందని."

"నా అతుకు విడిపోదు."

లావణ్య అత్తగారి వైపు చూసింది. సోఫాలోంచే పార్వతి అంది, "నువ్వెళ్ళి నీ మీటింగు చూసుకోవమ్మా. ఇది వంట కాదు. పసుపు సున్నా."

అన్నీ అతుకు పైకే పెట్టాను. సూరిబాబుకి ఇవ్వాల్సినదాన్ని మాత్రం వేరుగా చేశాను. పిండిలో మంచి ముద్ద దానికే తీసిపెట్టాను. మొదటిసారి మూస్తే కోడి కూర పులుసు దారంలా అంచుకి తగిలింది. విప్పి, కూర తీసేసి, అంచు తుడిచి, మళ్ళీ కూర పెట్టి మూశాను. ఈసారి ఒక మడత మిగతావాటికంటే లావుగా వచ్చింది. మీకు కనపడకపోవచ్చు. అతనికి కనపడుతుంది. మళ్ళీ విప్పి, కూర తీసేసి, లోపలంతా తుడిచాను. ఇంతలో పార్వతి కేక.

"స్టవ్ మీద ఇడ్లీ పాత్రలో నీళ్ళు ఇగిరిపోతున్నాయి. అడుగు మాడుతోంది."

పరిగెత్తి నీళ్ళు పోసి, చెయ్యి కడుక్కుని, వచ్చి మూశాను. అప్పుడు కుదిరింది. జడ అల్లినట్టు కుదిరింది.

ఆవిరికి మా ఇడ్లీ పాత్రే. ఇడ్లీ రేకులు తీసేసి చిల్లుల పళ్ళెం పెట్టి, దాని నిండా బన్నులు సర్ది మూతపెట్టాను. పెట్టినవాణ్ణి అక్కడే ఆగాలి కదా. ఆగలేను. నా అతుకు ఎలా ఉందో నేను చూసుకోవాలి. మూత తీశాను. బాగున్నాయి. మూత పెట్టాను. మళ్ళీ తీశాను. ఒకటి నోరు తెరిచింది. ఒక్కటే కదా అని మూత పెట్టాను. ఈసారి మూత నేను తియ్యకుండానే లేచింది. లేచి, ఒక పక్కకి ఒరిగి, కింద పడి, వంటిల్లంతా గిరగిరా తిరిగింది.

లావణ్య తలుపు కొంచెం తీసి తల బయటపెట్టింది. "మావయ్యా, ఏదైనా పేలిందా? మా మేనేజర్ అడుగుతున్నాడు."

"ఏం లేదమ్మా. బన్నులు ఉడుకుతున్నాయని చెప్పు."

పాత్రలోకి చూశాను. అన్నీ ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కోడి పులుసు పొంగి పక్కనున్న కొబ్బరి లౌజులోకి దిగింది. సంబల్ వెళ్ళి చిలగడదుంపలో కలిసింది. ఒకదానికొకటి అంటుకుపోయి, ఎక్కడ ఏది మొదలై ఎక్కడ ఏది అయిపోయిందో తెలియడం లేదు. నేను నొక్కిన మడతల దగ్గర విడిపోయాయి. అడుగులు కాదు, గోడలు కాదు. సరిగ్గా మడతల దగ్గరే. రెండో వాయి కూడా అంతే.

పార్వతి వచ్చి చూసి, పెద్ద పళ్ళెం కడగడం మొదలుపెట్టింది.  

మిగిలింది సూరిబాబు బన్ను ఒక్కటే. చిన్న గిన్నెలో దాన్ని ఒక్కదాన్నే పెట్టాను. ఇక మూత తీసే ఓపిక కూడా లేక స్టూలు మీద కూర్చుండిపోయాను. దింపి చూద్దును కదా, తెల్లగా, గుండ్రంగా, పైన నా అతుకు పెట్టింది పెట్టినట్టు ఉంది. వెంట్రుక మందం కూడా విడలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నా చెయ్యి పోలేదు, ఆ మిగతా పిండే మంచిది కాదు అనుకున్నాను.

అంతలో వాళ్ళు రానే వచ్చారు. పగిలినవాటిని గుడ్డ కప్పి దాచేద్దామనుకున్నాను. పార్వతి వినలేదు. "ఇంటికొచ్చిన మనుషులకి తినడానికి మకాన్ ఏదో ఒకటి ఉండాలి కదా" అని పెద్ద పళ్ళెంలో తెచ్చి మధ్యలో పెట్టేసింది. సూరిబాబు వాటి వైపు ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూశాడు. నేను మంచి పళ్ళెంలో ఆ ఒక్క బన్నూ పెట్టి అతని ముందుకి జరిపాను.

కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. పళ్ళెం తిప్పాడు. బన్ను ఎత్తి వెలుగులో పట్టాడు. అతుకు మీద బొటనవేలు మెల్లిగా నడిపాడు, యార్డులో నడిపినట్టే. ఒక మడత దగ్గర ఆగాడు. నా ఊపిరి కూడా అక్కడే ఆగింది.

"ఫస్ట్ క్లాస్ అన్నయ్యా" అన్నాడు. "పాస్."

ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"నువ్వు పసుపు సున్నా గీసిన వెల్డు కూడా ఇలాగే ఉంది."

"ఏ సున్నా?"

ఏ ఓడో చెప్పాను, ఏ పక్కో చెప్పాను. అతను నిజంగానే ఆలోచించాడు, పాపం. బుర్ర గోక్కున్నాడు.

"రోజూ గీసేవాణ్ణి కదా అన్నయ్యా. అందులో నీది కూడా ఉందా?"

అలా అంటూ బన్ను కొరికాడు. నేను ఇన్నేళ్ళు మోసింది అతని దగ్గర అసలు లేదు. ఆ సంగతి నాకింకా ఎక్కకముందే అతను రెండోసారి కొరికాడు. నమిలాడు. ఆగి, బన్నులోకి చూశాడు. మూడోసారి ఇంకొంచెం లోతుగా కొరికాడు. తర్వాత రెండు చేతులా పట్టుకుని మధ్యకి విరిచాడు.

లోపలంతా తెలుపు.

"అన్నయ్యా" అన్నాడు చాలా మర్యాదగా, "ఇది ఏ కూర?"

అప్పుడు గుర్తొచ్చింది. రెండోసారి విప్పాను. కూర తీశాను. తుడిచాను. నీళ్ళ కోసం పరిగెత్తాను. వచ్చి మూశాను. మధ్యలో పెట్టాల్సింది పెట్టలేదు. పొంగడానికి లోపల పులుసే లేనప్పుడు అతుకు ఎందుకు విడిపోతుంది?

 పార్వతి టీ పోస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఆ రోజు కూడా కోసి చూస్తే లోపల ఏమీ లేదనే కదా చెప్పారు. మనిషి మాట తప్పలేదు."

సరోజ టీ ముక్కులోకి పోయింది. గదిలోంచి లావణ్య నవ్వు వినపడింది. మీటింగు అయిపోయిందనుకుంటాను, లేకపోతే వాళ్ళ మేనేజరు కూడా విని ఉంటాడు.

సూరిబాబు పగిలినవాటి పళ్ళెం తనవైపు లాక్కున్నాడు. కోడి కూరలో కొబ్బరి లౌజు కలిసినది ఒకటి తిన్నాడు. "అలమాక్! హవాయిలో ఇది పెట్టలేదే" అని ఆశ్చర్యపోతూ ఇంకోటి తిన్నాడు. సంబల్ చిలగడదుంప పార్వతి చేత మూటకట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర నా భుజం తట్టి, "అవి మళ్ళీ ఎప్పుడు చేస్తావు అన్నయ్యా? పగిలినవి" అన్నాడు.

అతను విరిచి వదిలేసిన బన్ను పళ్ళెంలోనే ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. పారెయ్యడానికి మనసొప్పక, చల్లారిన టీలో ముంచుకుని నేనే తిన్నాను. బన్నంతా నానిపోయింది. అతుకు మాత్రం విడలేదు.