ఈశాన్యంలో పొయ్యి

పాలకొల్లు దాటాక కాలవ గట్టు పక్కన, కొబ్బరిచెట్ల మధ్య, ఒకప్పుడు చెరుకు పండించిన ఇంగ్లీషు దొర ఒకాయన కట్టుకున్న ఇంట్లో నేను పెరిగాను. గోడలు మూరెడు మందం. సున్నం పూయని ఎర్ర ఇటుకలు ఒక వరుస పొడుగ్గా, దానిపై వరుస అడ్డంగా పేర్చి ఉండేవి. నిటారుగా లేచిన పెంకుల కప్పు, దాని మీద ఇటుకల పొగగొట్టం. వాళ్ల దేశంలో రైతుల ఇళ్లు ఎలా ఉంటాయో అచ్చం అలాగే కట్టించాడట మహానుభావుడు, ఇక్కడి రోహిణికార్తె ఎండల సంగతి ఎవరినీ అడక్కుండా. తాతయ్య దాన్ని కొన్నాక ఊరంతా మమ్మల్ని దొరగారింటివాళ్లు అనేవారు. దొరగారు కూర్చున్న హాల్లో మేము ధాన్యం బస్తాలు వేసుకున్నాం.

ఆ హాల్లో ఈశాన్యం మూల గోడలో, మనిషి వంగి దూరేంత గూడు ఉండేది. దొర చలి కాచుకోవడానికి నిప్పు వేసుకున్న చోటు. మాకు చలెక్కడిది? మామ్మ అందులో ఆవకాయ జాడీలు పెట్టింది. పైనుంచి వాన పడుతోందని తాతయ్య ఎప్పుడో గొట్టం మూతి మీద నాపరాయి వేయించి మూసేశాడు.

వంట పెరట్లో, ఆగ్నేయం మూల తాటాకు పాకలో. మామ్మకి వాస్తు అంటే ప్రాణం. పొయ్యి అక్కణ్ణించి అంగుళం జరగడానికి వీల్లేదు. అమ్మకేమో ఉబ్బసం. కొబ్బరిమట్టలు పచ్చిగా ఉన్న రోజున ఆవిడ పడే అవస్థ చూడలేకపోయేవాళ్లం. గ్యాసుకి పేరు రాయించి ఏళ్లయినా బండ రాలేదు. పొగకి దూరంగా ఉండమన్నారు డాక్టరుగారు. వంట చేసే మనిషి పొగకి దూరంగా ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. ఇలాగే ఉంటే అమ్మ మాకు దక్కదేమోనని భయంగా ఉండేది.

నేను ఇంటర్ చదువుతుండగా, తొంభైల్లో, ఓ కార్తీకమాసంలో తుఫాను ఆ పాకని ఎత్తుకుపోయింది. దొర ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వచ్చి మా హాల్లోనే తలదాచుకున్నారు. అంతమందికీ వండేదెక్కడ? మామ్మ అటూ ఇటూ చూసి, జాడీలు తీయించింది.

"నాలుగు రోజులేగా, కానీండి" అంది.

పొయ్యి రాజేయగానే ఇల్లంతా పొగ కమ్మేసింది. అమ్మ వరండాలో కూలబడి ఊపిరి కోసం కొట్టుకుంది. నాన్నకి అప్పుడు గుర్తొచ్చింది నాపరాయి. వాన తెరిపిచ్చాక కప్పెక్కి, గునపంతో దాన్ని లేపేశారు.

మళ్లీ రాజేశాం. పొగ కాసేపు గూట్లోనే తచ్చాడి, గొట్టంలోకి దారి పట్టింది. అమ్మ అందరికీ అన్నం వార్చింది, పప్పుచారు కాచింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ దొర పేరేంటో నాకు తెలీదు. చలికి భయపడి ఆయన కట్టుకున్న గొట్టానికి ఆ పూట నిండు మనసుతో దణ్ణం పెట్టుకున్నాను. మామ్మ పీట వేసుకుని కూర్చుని అమ్మ వంకే చూస్తూ ఉండిపోయింది.

తుఫాను వెలిశాక నాన్న మళ్లీ పాక వేయిస్తానని తాటాకు తెప్పించారు.

"ఆ ఆకు గొడ్లసావిడికి వాడరా" అంది మామ్మ. మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆ రోజు నుంచి పొద్దున్నే పొయ్యి వెలిగించే పని తనే పెట్టుకుంది. అమ్మ అగ్గిపెట్టె అందుకోబోతే కసురుకునేది.

కొన్నాళ్లకి సిద్ధాంతిగారు మా ఇంటికొచ్చి, ఆ గూడు చూసి అదిరిపడ్డారు.

"ఏంటండీ ఇది? ఈశాన్యంలో నిప్పా? ఇంటికి అరిష్టమండీ!"

మామ్మ ఆయన చేతికి మజ్జిగ గ్లాసు అందించింది.

"తెలుసండి. అందుకే మా కోడలి చేత ముట్టించనండి. వచ్చే కీడేదో నాకే రావాలని దణ్ణం పెట్టుకుని, రోజూ నేనే వెలిగిస్తానండి."