మోకాటి కింది గీత

కమాల్ బాషా ఏ బండినైనా ముందు చెవితో చూస్తాడు. ఇంజను స్టార్ట్ చేయించి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. అమ్మేవాడి గుండెల్లో రాయి పడేది అప్పుడే. పంతొమ్మిదేళ్ళు కువైట్‌లో అరబ్బుల ఇంట డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. ఇసుక దిబ్బల మీదికి పెద్దపెద్ద బండ్లు ఎక్కించి దించినవాడు. మైలవరం చుట్టుపక్కల ఎవరు పాత బండి కొనాలన్నా, పిల్లను చూడబోతూ పెద్దమనిషిని పిలుచుకుపోయినట్టు ఆయన్ని వెంటబెట్టుకుని పోతారు. ఆయనా పోతాడు. పొగిడినంతసేపూ పొగడనిస్తాడు. ఆ పాటి గొప్ప ఆయనకు ఉంది, దాచడం దేనికి?

ఊరందరికీ బండ్లు ఎంచిపెట్టినవాడికి సొంతానికి ఒక పాత స్కూటరు తప్ప ఏమీ లేదు. పోయినేడు అక్టోబరు దాకా ఇంకోటి కావాలని అనిపించనూ లేదు.

ఆయన భార్య లాల్‌బీకి కిడ్నీలు పాడై మూడేళ్ళయింది. వారానికి మూడుసార్లు ప్రొద్దుటూరులో డయాలసిస్. వాళ్ళ పల్లెకూ తారురోడ్డుకూ నడుమ ఒక వంక. దాని మీద వంతెన లేదు, నీళ్ళు పైనుంచి పొర్లిపోయే సిమెంటు చప్టా ఒకటుంది. ఏడాదిలో పది నెలలు ఆ వంకలో కాకి గొంతు తడుపుకోవడానికి కూడా నీళ్ళుండవు. అక్టోబరు తుపానుకు మాత్రం రెండు రోజులు విడవకుండా పారింది. ఆటో దిగనన్నది. అంబులెన్సు అవతలి గట్టున నిలబడిపోయింది. లాల్‌బీకి ఒక వంతు తప్పింది. మూడోనాడు ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి, కూర్చోబెట్టి దాటించారు. పడుకుంటే ఊపిరి ఆడదు మరి. కాళ్ళు ఉబ్బి, పెదవులు నల్లబడి, మొగుడి చొక్కా పట్టుకుని ఆమె గాలి కోసం కొట్టుకుంటుంటే కమాల్ బాషా భయపడ్డాడు. ఎడారిలో దారి తప్పిన రోజు కూడా ఆయనకు అంత భయం తెలియదు.

ప్రొద్దుటూరులో ఒక గది తీసుకుందామంటే లాల్‌బీ ఒప్పుకోలేదు. "ఆసుపత్రి పక్కన కాపురమంటే రోగంతో కాపురమే. వారానికి మూడు దినాలు దానికిచ్చినా గదా, మిగిలిన నాలుగూ నావి. నా బర్రెలు, నా వాకిలి," అంది. ఆ నాలుగు దినాలను ఆమె దగ్గర లాక్కోవడానికి ఆయనకు మనసు రాలేదు. ఇక మిగిలింది బండి. అదీ మామూలుది కాదు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్. చేతిలో ఉన్న మూడు లక్షలకు కొత్తది చూపించే మొనగాడు లేడు కాబట్టి పాతదే దిక్కు.

ప్రొద్దుటూరులో షెడ్డు నడిపే మెకానిక్ జియావుల్లాను తోడు తీసుకుని, అక్కడే ఒక వ్యాపారి దగ్గర మొదటి జీపు చూశాడు. కొత్త రంగు, కొత్త సీట్లు. కమాల్ బాషా బానెట్టు మీద చెయ్యి పెట్టి విన్నాడు. గుక్క తిప్పుకోకుండా పాడుతున్నట్టుంది ఇంజను. గేరు పక్కన ఫోర్ బై ఫోర్ లివరు కూడా నిగనిగలాడుతోంది. బేరం దాదాపు కుదిరింది.

"ఒకసారి ఇసుకలో చూస్తా," అన్నాడు. జమ్మలమడుగు దాకా తోలుకుపోయి పెన్నలోకి దించాడు. లివరు వేశాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి బొక్కలు తవ్వుకున్నాయి. ముందు చక్రాలు అలిగిన కోడలిలా కదల్లేదు. జియావుల్లా కిందికి దూరి చూసి పకపకా నవ్వాడు.

"ముందు చక్రాలకు పోయే రాడ్డే ల్యా మామా! డీజిలు మిగుల్తాదని ఎప్పుడో పీకేసినారు. మన పక్క సగం జీపులు ఇంతే. ఉత్త లివరే."

కమాల్ బాషాకు నవ్వు రాలేదు. పంతొమ్మిదేళ్ళ పనితనం చెవి దగ్గరే ఆగిపోయిందని సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా ఇంకో సంగతి ఆయన్ని పట్టుకుంది. ఈ లివరును నమ్ముకుని, లాల్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని వంకలోకి దిగి ఉంటే? చుట్టూ పొడి ఇసుక, నడినెత్తిన ఎండ. ఆ పూటే జీపును వ్యాపారికి తిరిగి అప్పగించాడు.

తరువాత రెండు నెలలు తిరిగాడు. ఒకటి చాసిస్ తుప్పుపట్టింది, ఇంకోటి కాగితాలు లేనిది. మంచిది కనబడితే అది మూడు లక్షలకు రాదు. ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, ఆయనకు అన్నం సయించడం మానేసింది. అప్పుడు పులివెందుల నుంచి కబురొచ్చింది. కృష్ణమ్మ అనే ఆమె ఇంట్లో ఒక ఫోర్ బై ఫోర్ ఉంది, రెండున్నరకే ఇస్తుందట.

అంత తక్కువంటే ఏదో ఉంటుంది. ఈసారి కమాల్ బాషా ముందు కింద దూరాడు, తరువాతే చెవి పెట్టాడు. రాడ్డు ఉంది. ముందు చక్రాలు తిరుగుతున్నాయి. ఇంజను విప్పి మళ్ళీ శుభ్రంగా కట్టారు. జియావుల్లా మాత్రం డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. ఎవరూ అంత పొడుగు లాగరు. ఆఖరి జానెడు బెల్టు అట్టలా బిరుసుగా ఉంది, మడతల్లో ఎర్రటి ఒండ్రుమట్టి.

"ఏమ్మా, ఇది నీళ్ళల్లో మునిగిందా?"

అరవై ఏళ్ళ కృష్ణమ్మ అరుగు మీద నుంచి లేవలేదు. "మునిగింది. మీరు అడక్కపోయినా చెప్పేదాన్నే. నా కొడుకు యశ్వంత్ దీంట్లోనే పోయినాడు."

నాలుగేళ్ళ కిందటి మాట. వానలో సింహాద్రిపురం వైపు నుంచి వస్తున్నాడు. వాగు పొర్లుతోంది. "బస్సు నిలబడింది. ట్రాక్టర్లు నిలబడినాయి. ఫోను చేసి, నాది ఫోర్ బై ఫోర్ గదమ్మా, ఏం కాదు, బువ్వ పెట్టు వస్తాండా అన్యాడు. వాడు ధైర్యస్తుడేం కాదప్పా. ఈ బండి ఉండబట్టే దిగినాడు. బస్సులో వాళ్ళంతా నీళ్ళు తగ్గేదాకా నిలబడి మధ్యానానికి ఇండ్లకు చేరినారు."

జియావుల్లా బెల్టును మెల్లగా వదిలేశాడు. ఆమే అడిగింది, బండి దేనికని. కమాల్ బాషా లాల్‌బీ సంగతి, వంక సంగతి చెప్పాడు. వింటున్నకొద్దీ ఆమె మొహం ముడుచుకుపోయింది.

"అయితే నీకు అమ్మను. అరటికాయ తోలేదానికి అడిగింటే ఇచ్చేదాన్ని. నీళ్ళల్లో దిగేదానికి ఇయ్యను."

"నేను ఎడారిలో నడిపినోన్నక్కా. పంతొమ్మిదేండ్లు."

"ఎడారిలో వాగులుండాయా నాయనా?"

టైరు కింద ఇసుక నలిగే తీరును చదవగలడు, నీళ్ళ గురించి ఒక్క ముక్క తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ నిమిషం దాకా తెలియదు. చేతులు జోడించి బతిమాలాడు. వచ్చే వానాకాలానికి బండి లేకపోతే మనిషి దక్కదని చెప్పాడు.

కృష్ణమ్మ అంది: "నీ మాట నాకొద్దు. స్టీరింగు పట్టుకున్నోళ్ళ మాట నేను నమ్మను. పక్కన కూర్చునే ఆమెను పిల్చకరా."

మర్నాడు డయాలసిస్ ముగించుకుని, ఒళ్ళు వాలిపోతున్నా లాల్‌బీ పులివెందులకు వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ లోపల ఏం మాట్లాడుకున్నారో మొగోళ్ళకు వినబడలేదు. బయటికి వచ్చి కృష్ణమ్మ వంగి, తన మోకాటి కింద జానెడు చోట చేత్తో తాకి చూపించింది. "ఈడికి. నీళ్ళు దీని పైకి వస్తే నిలబడాల. చప్టా మీద గీత కొట్టుకోండి." తాళం కమాల్ బాషా చేతికి ఇవ్వలేదు, లాల్‌బీ చేతిలో పెట్టింది.

చప్టా పక్క రాతి మీద ఆ ఎత్తుకు తెల్లరంగుతో గీత గీశారు. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. ఫోర్ బై ఫోర్ కొని గీత కొట్టుకున్న డ్రైవరు అని పేరు కూడా పెట్టారు. కమాల్ బాషా పంటి బిగువున ఓర్చుకున్నాడు.

సెప్టెంబరులో ఆ సోమవారం రానే వచ్చింది. రాత్రంతా వాన. పొద్దున తొమ్మిదింటికి జీపు వంక దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు గీత పైన నాలుగు వేళ్ళు. లాల్‌బీ చీలమండలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. కమాల్ బాషా నీళ్ళకేసి చూశాడు. నాలుగు వేళ్ళే. చిన్న గేరులో ఆపకుండా పోతే ఒక్క నిమిషం. లివరు వేశాడు. లాల్‌బీ చెయ్యి చాపి ఇంజను ఆపి తాళం లాగేసింది.

"ఏమ్మే, పోయినేడు ఎట్లయిందో మర్సిపోయినావా? నీకు ఊపిరి..."

"నా ఊపిరి నాకు తెల్సు. ఇంకా ఉండాది. నిలబడు."

కోపమొచ్చింది ఆయనకు. దిగి చప్టా అంచున నిలబడి వంకను తిట్టాడు, వానను తిట్టాడు, పులివెందుల ముసలామెను కూడా తిట్టాడు. పన్నెండయ్యేసరికి లాల్‌బీకి ఎగశ్వాస మొదలైంది. సీటు నిలువుగా పెట్టి, వీపుకు దిండు ఆనించి, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. గీతను, ఆమె పెదవులను మార్చి మార్చి చూశాడు. తాళం ఇమ్మని రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఏడుస్తూ అడిగాడు. ఆమె పిడికిలి విప్పలేదు.

రెండు గంటలకు రాతి మీద తెల్లగా గీత బయటపడింది. లాల్‌బీ పిడికిలి విప్పితే అరచేతిలో తాళం అచ్చు పడి ఉంది. ఒక్క నిమిషంలో దాటారు. ఆసుపత్రిలో సాయంత్రం వంతుకు మిషను దొరికింది.

మంచం మీద కాస్త ఊపిరి కుదుటపడ్డాక లాల్‌బీ పులివెందులకు ఫోను చేసింది. "అక్కా, గీత పైకి వచ్చింటే నిలబడి దాటినాం."

"ఎంతసేపు నిలబడినారు?"

"అయిదు గంటలు."

అటువైపు నుంచి ఏడుపుతో పాటు వచ్చిన మాట పక్కనున్న కమాల్ బాషాకు కూడా వినబడింది.

"అయిదు గంటలేనా?"