పదుల నంబర్ల భాష

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూలుకు కంప్యూటర్ టీచరు కావాలని తెలిసి వెళ్లాను. ముందు డెమో క్లాసు చెప్పమన్నారు. ఆరో తరగతి, ఇరవై నిమిషాలు, పాఠం బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. పాప పుట్టాక మూడేళ్లుగా నేను కీబోర్డు ముట్టలేదు. ఇది చేజారితే ఇంకెవరూ పిలవరేమోనని భయం.

బేసిక్‌ను నేనూ ఆరో తరగతిలోనే చదివాను, జమ్మలమడుగులో. ప్రోగ్రాములో ప్రతి వరసకూ ముందు ఒక నంబరు ఉండేది. 10, 20, 30. ఒకటి, రెండు అని ఎందుకు రాయరని అడిగితే సారు "బుక్కులో అట్లే ఉంది, అట్లే రాయి" అన్నాడు. రాశాను.

డెమో కోసం ఈసారి వెతికి చదివాను. అరవయ్యో దశకంలో అమెరికాలోని ఒక కాలేజీలో ఇద్దరు లెక్కల మాస్టర్లు ఆ భాషను తయారుచేశారట. అప్పట్లో ప్రోగ్రాము రాయాలంటే కార్డులకు చిల్లులు పొడిచి, కట్టగట్టి ఇచ్చి, జవాబు కోసం గంటలకొద్దీ కాచుకోవాలి. సైన్సు చదవని పిల్లలు కూడా తామే కూర్చుని కంప్యూటర్‌తో పని చేయించుకోవాలని వాళ్ల ఆలోచన. మొదట్లో ప్రోగ్రామంతా ఒకేసారి యంత్రభాషలోకి మారేది. ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాక, ఒక్కో వరసనూ చదివి అప్పటికప్పుడు చేసే ఇంటర్‌ప్రెటర్ వచ్చింది. స్విచ్ వేస్తే చాలు, బేసిక్ తెర మీద ఎదురుచూస్తూ ఉండేదట. ఎంతోమంది మొదటి ప్రోగ్రాము దాంట్లోనే రాశారు.

ఇంటర్‌ప్రెటర్, అంటే దుబాసీ, అనగానే నాకు చర్చి మిషన్ కాంపౌండులో మా నాన్న గుర్తొస్తాడు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన బోధకుడు ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆగేవాడు. పక్కన నిలబడి నాన్న తెలుగులో చెప్పేవాడు. ఒకసారి ఏదో మాట అర్థంకాక నాన్న ఆగిపోయాడు. అంతవరకు చెప్పింది జనం వినేశారు. ప్రార్థన కూడిక ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. తప్పున్న వరస దగ్గర బేసిక్ కూడా అట్లాగే ఆగుతుంది.

క్లాసులో ఇదే చెబుదామనుకున్నాను. ల్యాబులో పదో తరగతి వాళ్లకు పరీక్ష జరుగుతోంది. నాకు మిగిలింది బోర్డూ సుద్దముక్కా. ప్రిన్సిపాలు వెనక బెంచీలో కూర్చున్నాడు. హాస్టల్లో ఉండే తొండూరు అమ్మాయిని కంప్యూటర్ చేశాను. కంగారులో నంబర్లు ఒకటి నుంచి వేసేశాను.

1 లేచి నిలబడు. 2 తలుపు దాకా నడువు. 3 ఊరి పేరు చెప్పు. 4 మళ్లీ ఒకటికి పో.

అమ్మాయి లేచింది, తలుపు దాకా నడిచింది, "తొండూరు" అంది. తరువాత అక్కడే నిలబడింది.

"మేడం, తలుపు కాడనే ఉండా. ఇంగ యాడికి నడవాల?"

అందరూ నవ్వారు. వెనక్కి వచ్చి కూర్చోమనే వరస మరిచిపోయాను. మూడుకూ నాలుగుకూ మధ్య దాన్ని పెట్టడానికి చోటు లేదు.

"మూడుంపావు అని రాయండి మేడం," అంది ముందు బెంచీలోని ఒక పిల్ల.

అప్పుడు వెలిగింది నాకు. అన్నీ చెరిపి 10, 20, 30, 40 రాశాను. మధ్యలో 35 వెనక్కి వచ్చి కూర్చో అని ఇరికించాను. ఈ భాష తయారుచేసినవాళ్లు పదేసి ఎందుకు వదిలారో చెప్పమని అడిగాను.

"మనం మరిచిపోతామని వాళ్లకు ముందే తెల్సు మేడం," అంది ఆ పిల్లే.

ఈసారి కంప్యూటర్ బాగా నడిచింది. తలుపు, తొండూరు, బెంచీ, మళ్లీ తలుపు. తొమ్మిదోసారి ప్రిన్సిపాలు "ఆపమ్మా, పిల్లకు కాళ్లు నొస్తాయి" అన్నాడు.

తరువాత తన గదిలో అడిగాడు. "ఆ నంబర్లు తప్పుగా రాసినావే, పిల్లోళ్ల కోసరం కావాలనే రాసినావా?"

అవునంటే సరిపోయేది. అబద్ధానికి నోరు రాలేదు. "లేదు సార్, కంగారుపడినా."

ఆయన గోడమీది క్యాలెండరు చూశాడు. "సోమవారం నుంచి రా. ఒక నెల చూస్తాం."

ఇంటికొచ్చేసరికి అత్త పాపకు అన్నం తినిపిస్తోంది.

"ఏమ్మే, ఏం పాఠం చెప్పినావు?"

"ఒక పిల్లను తలుపు దాకా నడిపిచ్చినా అత్తా. రమ్మన్నారు."

"నడిపిచ్చేదానికి కూడా టీచర్లు కావాల్నా," అని, ముద్ద కలుపుతూ, "సరేలే, ఆ మిషనుకు తెలుగొస్తాదా?" అంది.

"రాదత్తా. దాని మాటలన్నీ ఇంగ్లీషే."

"అంత సదువుకున్నోళ్లు ఉండారు, ఒక్కరూ నేర్పలేదా దానికి?"

ఎవరైనా నేర్పారో లేదో నాకు తెలియదు. సోమవారం పిల్లలు కూడా అడుగుతారు. పాప పడుకుంది. ఫోనులో అదే వెతుకుతున్నాను.