దక్షిణం గోడ తూము

కోదాడలో మా ఇంటి పెరటి గోడకు, దక్షిణం వైపు, నేలను ఆనుకుని ఒక తూము ఉండేది. పిల్లి దూరేంత ఉంటుంది. వాన పడితే పెరట్లో నీళ్లన్నీ అందులోంచి వెనక సందులో ఉన్న మోరీలోకి పోయేవి. ఇల్లు కట్టినప్పుడు మా మామగారు పెట్టించింది. ఎవరైనా దక్షిణానికి తూమేమిటని అడిగితే "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అనేవారట. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేరు. ఆ తూమును మూయించిన ఘనత మాత్రం నాదే.

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తే మంచిది. పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరే రకం. పైగా బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మా అత్తమ్మ బాత్రూము దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆమెను దవాఖాన నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన వారానికే సూర్యాపేట నుంచి వాస్తు చూసే ఆయన్ని పిలిపించాను. ఆయన దిక్సూచి పట్టుకుని పెరడంతా తిరిగి తూము దగ్గర ఆగిపోయాడు.

"నీళ్లు దక్షిణం దిక్కు పోతున్నయమ్మా. ఇంట్ల ఆడమనిషికి మంచిగుండదు. ఇయ్యాల ఎముక ఇరిగింది, రేపు ఇంకేమైతదో నేను సెప్పలేను," అన్నాడు. నీళ్లు ఈశాన్యం నుంచే బయటికి పోవాలట.

మా ఇంట్లో ఆడమనుషులం ఇద్దరమే. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమస్తా, సోమవారం వెళితే శనివారం వస్తారు. ఫోన్లో చెబితే "నీ ఇష్టం" అన్నారు. నాకు ఆ రాత్రి నుంచి "రేపు ఇంకేమైతదో" అన్న మాటే చెవుల్లో మోగేది. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"మీ మామ పెట్టిచ్చిన తూము. దాన్ని మూస్తే నీళ్లు యాడికి పోతయి బిడ్డా, గాల్లకా?" అంది.

నేను వినలేదు. ఆమె మంచికే కదా అనుకున్నాను. మేస్త్రీని పిలిచి, ఇటుకా సిమెంటూ పెట్టించి, గట్టిగా వెయ్యమని పక్కనే నిలబడి మరీ చెప్పాను. ఈశాన్యం మూల గేటు పక్కన కొత్తగా పైపు పెట్టించి, పెరట్లోంచి దానిదాకా ఇంటి పక్కగా కాలువ తీయించాను.

మా వీధిలో సిమెంటు రోడ్డు రెండుసార్లు వేశారు, రెండోసారి పాతదాన్ని తవ్వకుండా దాని మీదే. రోడ్డు లేచినకొద్దీ ఇళ్లు కిందికి పోయాయి. మేం ముందు భాగాన్ని ఎత్తు పెంచి కట్టుకున్నాం. పెరడూ, దాన్ని ఆనుకుని అత్తమ్మ ఉండే పాత గదీ మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయాయి. ఇంట్లోంచి ఆ గదిలోకి మూడు మెట్లు దిగాలి. నేను పెట్టించిన పైపు కూడా రోడ్డు కన్నా కిందే ఉంది. కళ్లకు కనిపిస్తూనే ఉంది. నేనే చూడదలచుకోలేదు.

శ్రావణం చివర్లో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున వాన మరీ పెరిగి బడికి సెలవిచ్చారు. పొయ్యి మీద కుక్కర్ పెట్టి కిటికీలోంచి చూస్తే పక్క కాలువలో నీళ్లు పారుతున్నాయి. పోతున్నాయిలే అనుకున్నాను. ఇంకోసారి చూస్తే అవి గేటు వైపు నుంచి పెరట్లోకి వస్తున్నాయి. రోడ్డు మీది నీళ్లు నా పైపులోంచే లోపలికి దూకుతున్నాయి. గోనె సంచి చుట్టి పైపులో కుక్కాను. నేను వెనక్కి తిరిగేలోపే సంచి ఎగిరి బయటపడింది. అప్పటికే పెరట్లో నీళ్లు మోకాలిదాకా ఉన్నాయి. అత్తమ్మ గది తలుపు కింది నుంచి లోపలికి పోతున్నాయి.

లోపలి నుంచి పరుగెత్తి మెట్ల మీదికి వచ్చాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె ఇనుప మంచం కోళ్లు నీళ్లలో ఉన్నాయి. ఒళ్లు పుండ్లు పడకుండా డాక్టరు గాలి పరుపు రాసిచ్చాడు. దాని చిన్న మోటారు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూ ఉండాలి. గోడ దగ్గరి నుంచి వైరు అందక, ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి పరుపు వేసిన రోజే మంచం పక్కన చెక్క పీట మీద పెట్టి ఉంచాను. వీధిలో కరెంటు పోయి చాలాసేపయింది. అయినా మోటారు బుయ్యిమంటూనే ఉంది. బాక్సు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది మరి. నేను చూస్తుండగానే పీట నేల విడిచి తేలింది. బాక్సు దాని మీద అటూ ఇటూ ఊగుతోంది.

అది ఒరిగితే నీళ్లకు కరెంటు పాకుతుంది. నీళ్ల నుంచి మంచానికి, మంచం నుంచి ఆమెకు. నాలుగడుగులు వేసి దాన్ని పట్టుకోవాలి. ఒక కాలు ముందుకు పెట్టబోయాను. అది లేవలేదు.

"రాకు బిడ్డా!" అని అరిచింది అత్తమ్మ. "నీళ్లల్ల కరెంటుంటది! గాడనే ఉండు!"

ఆ మాట వినగానే నాకు హమ్మయ్య అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అనిపించింది అదే. రావద్దని ఆమే అంది కదా అని గోడ పట్టుకుని నిలబడిపోయాను. వంటింట్లో కుక్కర్ రెండు కూతలు వేసింది. అంతసేపూ నేను మెట్టు మీదే ఉన్నాను. ఆమె మంచం మీద, పీట నీళ్ల మీద.

మూడో కూతకు బుర్ర పనిచేసింది. ఇన్వర్టర్ హాల్లో ఉంది. దాన్ని ఆపితే చాలు. ఏడో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలిగే సంగతి. పరుగెత్తి స్విచ్ నొక్కాను. నమ్మకం చాలక వైరు కూడా పీకేశాను. వెనక గదిలో మోటారు చప్పుడు ఆగింది. అప్పుడు నీళ్లలోకి దిగాను. బాక్సు తీసి అలమరలో పెట్టాను. ఆమెను ఒక్కదాన్నే ఎత్తలేను. నీళ్లు పరుపు దగ్గరికి వస్తున్నాయి.

గడ్డపార తీసుకుని పెరట్లోకి వెళ్లాను. మురికి నీళ్లలో ఏమీ కనపడటం లేదు. గోడను చేత్తో తడుముతూ తూము ఉన్నచోటు వెతికి పొడవడం మొదలుపెట్టాను. మేస్త్రీ నేను చెప్పినట్టే గట్టిగా వేశాడు. ఎన్ని పోట్లు పొడిచానో తెలియదు. లోపలి నుంచి అత్తమ్మ పలుకుతోందో లేదో అని మధ్యమధ్య ఆగి పిలుస్తున్నాను. "ఉన్న బిడ్డా, ఉన్న," అంటోంది. ఉన్నట్టుండి గడ్డపార అవతలికి దిగింది. ఇటుకలు కదిలాయి. నీళ్లు నా కాళ్ల మధ్య నుంచి ఒక్క ఉరుకున సందులోకి పోయాయి. మధ్యాహ్నానికి గదిలో బురద మిగిలింది.

ఆ సాయంత్రం కబురు తెలిసి మా ఆయన వచ్చారు. వీధిలోవాళ్లందరూ వచ్చారు. "నా కోడలు నీళ్లల్లకు దుంకి నన్ను కాపాడింది," అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే తల వంచుకుని టీ పోశాను. అణకువ అనుకున్నారు.

పది రోజులు నిద్ర పట్టలేదు. వాన వల్ల కాదు. చివరికి ఒక మధ్యాహ్నం, ముందు గదికి మార్చిన ఆమె మంచం మీద కూర్చుని తల దువ్వుతూ చెప్పేశాను.

"అత్తమ్మా, ఆనాడు నేను దుంకలేదు. మెట్టు మీదనే నిలవడ్డ. నువ్వు రావద్దంటే పానం లేసొచ్చినట్టయింది నాకు."

ఆమె తల తిప్పలేదు.

"ఎరికే," అంది. "నీ మొఖం సూసే రావద్దన్న. నేను రమ్మని పిలిస్తే, నువ్వు రాకపోతే, బతికినంక ఇద్దరం ఒక్క ఇంట్ల ఎట్లుంటం బిడ్డా?"