గట్టు దాటిన బంగారుతీగ

మా మేనత్త పోయిందని భట్టిప్రోలు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తెనాలిలో మా ఇంట్లో కూరలు తరుగుతున్నాను. నిద్రలోనే పోయిందట. నిండు వయసు, మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అయినా ఏడుపు ఆగలేదు. కాస్త తెరిపిన పడ్డాక మొదట గుర్తొచ్చింది ఆవిడ మినుప చేను. పూత మీద ఉంది. మావయ్య పోయినప్పటి నుంచి సేద్యమంతా ఆవిడదే. కూతురు, అంటే మా వదిన, ఉండేది బాపట్లలో. ఇక ఆ చేనెవరు చూస్తారు?

కలుపు కనిపిస్తే అత్తయ్య చెయ్యి ఊరుకునేది కాదు. మా ఇంటికి వస్తే మంచినీళ్లు తాగకముందే కుండీల దగ్గర వంగేది. ఒకసారి నేను నర్సరీలో ముచ్చటపడి కొన్న గడ్డి మొక్కను వేళ్లతో సహా లాగేసింది. నేను లబోదిబోమంటే, "గడ్డిని కొనుక్కోవడమేంటే? అడిగితే బస్తాలకొద్దీ పంపేదాన్నిగా" అంది. తిరిగి నాటలేదు కూడా.

అలాగని చాదస్తురాలు కాదు. వరిలో ఊదగడ్డికి శుభ్రంగా మందు కొట్టించేది. పెరట్లో వంగ మొక్కల మధ్య వరిగడ్డి మందంగా పరిచేది. కింద వెలుతురు అందక కలుపు లేచేది కాదు. "నడుముకి పని తగ్గించడానికేగా బుర్ర ఉంది" అనేది. ఆవిడ భయపడింది ఒక్క బంగారుతీగకే. దానికి ఆకులుండవు. పసుప్పచ్చ దారంలా మినుప మొక్కను చుట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. చిన్న తుంపు పడినా మళ్లీ అల్లుకుంటుంది. అందుకే చుట్టుకున్న మొక్కలతో సహా పీకి, గోనెలో కుక్కి, దూరంగా తీసుకెళ్లి కాల్చేయాలి. కానీ పచ్చగా ఉన్న పైరు పీకడానికి ఎవరికి చేతులొస్తాయి? తీగొక్కటే తెంపి గట్టున పడేస్తారు. అది అక్కడి నుంచి అవతలి చేలోకి పాకుతుంది.

పక్కచేను రైతు ఒక ఏడు అదే పని చేశాడు. అత్తయ్య చెప్పి చూసింది, వినలేదు. ఆయన రేపల్లె వెళ్లిన రోజు చూసి ఆయన చేలోకి దిగి, మంచం పట్టేంత మేర పైరు పీకేసింది. గోనె పట్టుకుంది నేనే. సాయంత్రం ఆయన ఇంటికొచ్చాడు.

"అక్కయ్యగారూ, నా చేలో మీరు పీకడమేంటండి?"

"తప్పే తమ్ముడూ. నువ్వొచ్చేదాకా అది ఆగేట్టు లేదు."

"అది పంటండి."

"ఊరుకుంటే నీదీ పోయేది, నాదీ పోయేది. కావాలంటే నా చేలో అంత మేర కోసుకుపో."

ఆయన కోసుకోలేదు, మాట్లాడటం మానేశాడు. అత్తయ్య మాత్రం గట్టు మీద కనిపించినప్పుడల్లా "భోంచేశావా తమ్ముడూ" అని పలకరించేది. ఆయన తల తిప్పుకునేవాడు. "మాట్లాడకపోతే మానె, చేను బావుంది కదా" అని నవ్వేది. అలా ఏళ్లు గడిచాయి. నాకు మాత్రం ఆయన మీద ఒళ్లు మండేది.

చిన్నదినం అయ్యాక వదినా నేనూ చేను చూద్దామని వెళ్లాం. గట్టున ఎవరివో చెప్పులున్నాయి. అత్తయ్య చేలో ఆ పక్కచేను రైతు వంగి ఉన్నాడు.

"ఏంటి మావయ్యా?" అంది వదిన.

"తీగ పడిందమ్మా" అన్నాడు తలెత్తకుండా. "అక్కయ్యగారుంటే ఈపాటికి పీకేసుండేవారు."

పూతతో ఉన్న మొక్కల్ని, ఒక్క తుంపు కూడా నేల మీద పడనీయకుండా, పొదివి పట్టుకుని పీకుతున్నాడు. వదిన కొంగు దోపుకుని చేలోకి దిగింది. ఆయన గోనె మూతి వెడల్పు చేసి ఆమె వైపు పట్టాడు.