అందరిదీ ఒకటే గొంతు

మాచర్లలో నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, డ్రామా పేపర్లో మొదటి ప్రశ్న ఏ ఏడాదైనా ఒకటే. పాత ఇంగ్లీషు నాటకాల్లోంచి పేరుమోసిన వాక్యాలు ఎనిమిది ఇస్తారు. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, వాటిలో నాలుగింటికి రాయాలి. సగం మార్కులు దానికే. మా పిల్లల్లో చాలామంది నాటకం జోలికే పోరు. బజార్లో గైడు కొని, వాక్యం పక్కన పేరు బట్టీపట్టి గట్టెక్కుతారు.

ఆ అమ్మాయికి గైడు చదివే వీలు లేదు. ఆమెకు రెండు కళ్లూ పోయాయి.

దుర్గి దాటాక లోపలికి ఉండే పల్లె వాళ్లది. ఆమె ఇంటర్ చదువుతుండగా ఊళ్లో ఎన్నికలొచ్చాయి. వాళ్ల నాన్న ఒక పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. పోలింగ్ మర్నాడు సాయంత్రం ఆయన ఇంకా ఇంటికి రాలేదు. ఈమె గుమ్మంలో కూర్చుని కాలేజీ రికార్డు రాసుకుంటోంది. ప్రహరీ అవతల నలుగురైదుగురు పరిగెత్తుతున్న చప్పుడు. "గుమ్మంలోకెయ్ రా, గుమ్మంలోకి!" అని ఒక గొంతు అరిచింది. ఏంటా అని ఈమె తలెత్తింది. నాటుబాంబు గడప మీద పడి పేలింది.

ఆ గొంతు పక్కింటాయనది. అవతలి పార్టీ మనిషే గానీ, ఆమె మాటలు నేర్చినప్పటి నుంచి బాబాయ్ అని పిలిచిన మనిషి. ఆసుపత్రిలో వాంగ్మూలం తీసుకోవడానికి పోలీసులు వస్తే ఆమె అదే చెప్పింది. బాంబు వేసిన చేతిని ఎవరూ చూడలేదు. ఆ కేసులో ఉన్న సాక్ష్యమల్లా ఆమె విన్న ఆ ఒక్క మాట.

కాలేజీకి వాళ్లమ్మ తీసుకొచ్చేది. బస్సు దిగి, కూతురి చెయ్యి భుజం మీద వేయించుకుని నడిపించుకొచ్చి, క్లాసులయ్యేదాకా వరండాలో కూర్చునేది. మొదటి రోజే నా దగ్గరకొచ్చి, "ఇది ఒకసారి విన్నదంటే మర్చిపోదు మేడమ్. మీరు చదివి ఫోన్లో ఎక్కించారంటే చాలు, అదే నేర్చుకుంటది" అంది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, సంబరపడ్డాను. యూనివర్సిటీలో చదివేటప్పుడు నాకు నాటకాలంటే పిచ్చి. స్టేజీ ఎక్కడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ కోరిక అట్లా లోపలే ఉండిపోయింది. ఇప్పుడు ఆదివారం పూట ఫ్యాను ఆపి, కిటికీ వేసి, ఫోను ముందు పెట్టుకుని ఒక్కో అంకం చదివేదాన్ని. రాజుకు బరువైన గొంతు పెట్టాను. రాణికి గుసగుస. ముసలి మంత్రికి దగ్గు కలిపిన నస. సేవకుడికి మా అటెండరు మాట్లాడినట్టు గబగబా. చెమటలు కారేవి. కానీ చదువుతున్నంతసేపూ నాకు వేరే లోకం ఉండేది కాదు.

నెల తిరక్కుండా ఆ అమ్మాయి నన్ను ఆశ్చర్యపరిచింది. క్లాసులో నేను ఏ వాక్యం అందుకున్నా, సగంలోనే చెయ్యెత్తేది.

"రాణి మేడమ్, రాజుతో. విందులో అందరూ చూస్తుండగా, మెల్లగా."

ఇంకోటి అనేదాన్ని. "సమాధి గోతులు తవ్వేవాడు, వాడి తోటివాడితో."

పిల్లలు బల్లలు చరిచేవారు. నాకు గర్వంగా ఉండేది. స్టాఫ్ రూములో ఈ సంగతి పదే పదే చెప్పేదాన్ని. ఒకరోజు పొలిటికల్ సైన్సు చెప్పే పెద్దాయన, "ఏదీ, నేనొకటి అడుగుతా" అని ఆమెను పిలిపించి, పుస్తకం తీసుకుని ఒక వాక్యం చదివాడు. ఆయన నోట ఇంగ్లీషు నాటకమూ శిస్తుల జమాబందీ రిజిస్టరూ ఒకటే. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. చివరికి తప్పు పేరు చెప్పింది. "సార్ ఉచ్చారణ అట్లా ఉంది మరి" అని నేను నవ్వేశాను. అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

పరీక్షలో ఆమెకు బదులు రాయడానికి ఒక ఇంటర్ పిల్లను ఇచ్చారు. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు. ప్రశ్నపత్రంలో ఉన్నది ఉన్నట్టు, బస్సు బోర్డు చదివినట్టు చదివింది. పరీక్షయ్యాక నేను గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. తల్లి భుజం పట్టుకుని బయటికొచ్చింది.

"ఎట్లా రాశావమ్మా?"

"ఎవరెవరో తెలియలేదు మేడమ్. అందరిదీ ఒకటే గొంతు."

ఆమె నాటకం నేర్చుకోలేదు. నా గొంతులు నేర్చుకుంది. రాణి మాటలోని కపటం, రాజు మాటలోని భయం మాటల్లోనే ఉంటాయని, గొంతు లేకపోయినా వాటిని పట్టుకోవచ్చని నేను ఒక్కనాడూ చెప్పలేదు. నా నటనలో నేను పడి కొట్టుకుపోయాను.

ఫలితాలొచ్చాయి. ఆ ఒక్క పేపరు పోయింది.

అప్పటికి కేసు విచారణకు వచ్చింది. ఈలోగా ఊళ్లో ఒకటి జరిగింది. వాళ్ల నాన్న పార్టీ మారాడు. పక్కింటాయన, ఆయన ఇప్పుడు ఒకే జెండా కింద తిరుగుతున్నారు. ఆ సంగతి వరండాలో కూర్చుని తల్లే నాకు చెప్పింది.

"ఇంట్లో రోజూ ఇదే గోల మేడమ్. 'సరిగ్గా ఇనపడలేదని చెప్పు, అయిపోద్ది. పోయిన కళ్లు తిరిగొస్తయ్యా ఏంది' అంటన్నాడు వాళ్ల నాన్న. ఇది ఇనట్లా."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా. నోరు మూసుకున్నా. అయినా కోర్టుకు దాన్ని నేనే తీసకపోతా. మీరూ రాండి మేడమ్, నాకు చానా భయంగా ఉంది."

వెళ్లాను. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద తల్లీ నేనూ కూర్చున్నాం. తండ్రి ముందు వరసలో, పక్కింటాయన తాలూకు మనుషుల పక్కన కూర్చున్నాడు. అమ్మాయిని బోనులోకి ఎక్కించారు. ఆ రోజు జరిగింది తడబడకుండా చెప్పింది. ఆ తర్వాత ముద్దాయి తరఫు లాయరు లేచాడు. మాట చాలా మెత్తగా ఉంది.

"డిగ్రీ చదువుతున్నావంట గదమ్మా. అన్నీ పాసయ్యావా?"

"ఒకటి పోయింది సార్."

"ఏ పేపరు?"

"ఇంగ్లీషు డ్రామా."

"అందులో ఏం అడిగారు?"

ప్రశ్న ఎక్కడికి పోతోందో ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది.

"ఏ మాట ఎవరన్నారో రాయమన్నారు."

"రాయగలిగావా?"

"లేదు సార్."

"ఏడాది పొడుగునా రోజూ విన్న మాటలు ఎవరివో చెప్పలేకపోయావు. గోడ అవతల్నించి, గోలలో, ఒక్కసారి విన్న మాట ఎవరిదో మాత్రం నాలుగేళ్ల తర్వాత కూడా చెబుతున్నావు. అంతేనా?"

హాల్లో ఎవరో నవ్వారు.

"అది చదివిన మాట సార్. ఇది ఆయన గొంతు" అందామె.

"నాకింకేమీ అడిగేది లేదు" అని ఆయన కూర్చున్నాడు. సర్కారు ప్లీడరు కాగితాలు తిరగేసుకుంటూ ఉండిపోయాడు. నేను లేచి నిలబడ్డాను. ఆ పేపరు పోవడానికి కారణం నేనని, ఈ పిల్ల గొంతులు తప్ప మరేమీ నేర్చుకోలేదని, అందుకే తప్పిందని చెప్పాలనుకున్నాను. కోర్టు బంట్రోతు కూర్చోమని చెయ్యి ఊపాడు. కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ కూర్చోవడమే గుర్తొస్తుంది.

ఆ పేపరు సంగతి లాయరుకు ఎట్లా తెలిసిందని తల్లిని అడగబోయాను. ఆమె ముందు వరసలో భర్త వైపే చూస్తోంది. మార్కుల సంగతి తెలిసింది ఇంట్లో వాళ్ల ముగ్గురికీ, నాకూ. ఇక అడగలేదు.

మధ్యాహ్నం బయట వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. టైపు మిషన్ల చప్పుడు, గుమాస్తాల కేకలు, ఎవరెవరివో వాయిదాల పిలుపులు. ఆ అమ్మాయి గోడకానుకుని నిలబడింది. పక్కింటాయన అటుగా వెళుతూ ఆగాడు. ఏమనుకున్నాడో, పాత అలవాటో, జాలో నాకు తెలియదు.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబాయ్" అందామె ఆ వైపు తిరిగి.

ఎవరూ ఆయన పేరు చెప్పలేదు. చుట్టూ యాభై గొంతులున్నాయి. ఆయన తల దించుకుని మెట్లు దిగిపోయాడు. తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వరండాలో జరిగింది ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

కొన్నాళ్లకు తీర్పొచ్చింది. సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. ఆ రోజు ఊళ్లో టపాకాయలు కాల్చారని, ఆ చప్పుడుకు అమ్మాయి మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదని తల్లి ఫోన్లో చెప్పింది.

సప్లిమెంటరీకి నాటకాలు మళ్లీ చదివి పంపాను. ఈసారి గొంతు మార్చలేదు. ప్రతి వాక్యం తర్వాత ఆగి, ఈ మాట వెనకేముంది, ఇది ఇంకొకళ్లు ఎందుకనలేరు అని విడమరిచాను. ఆమె పాసయింది, అదీ మంచి మార్కులతో. మార్కుల మెమో తీసుకోవడానికి వచ్చినప్పుడు, నా తప్పు వల్ల కోర్టులో నీకు అట్లా జరిగిందని చెప్పి క్షమించమన్నాను.

"మీదేం లేదు మేడమ్. అది దొరక్కపోతే ఆయన ఇంకోటి అడిగేవోడు" అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అట్లా అనుకుందో ఆమె మొహం చూస్తే తెలియలేదు. నల్లద్దాలు పెట్టుకుని ఉంది.

తల్లీకూతుళ్లు ఆ ఊరు వదిలి నరసరావుపేటలో ఒక గది తీసుకున్నారు. తల్లి మిషను కుడుతోంది. అమ్మాయి సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. పోయిన ఎండాకాలం చూడ్డానికి వెళ్లాను. మేం మాట్లాడుకుంటుండగా వాళ్ల నాన్న బియ్యం బస్తా మోసుకొచ్చి గుమ్మం పక్కన దింపాడు. "బాగున్నావా అమ్మా?" అనడిగాడు. ఆ అమ్మాయి ఆ గొంతు వైపు తిరగలేదు. పిల్లల నోటు పుస్తకాలు చేత్తో తడిమి వరసగా పేర్చుకుంటోంది.

ఆయన మంచినీళ్లు తాగి, కాసేపు గుమ్మంలో నిలబడి, వెళ్లిపోయాడు.